డిగ్రీ కళాశాల ల్యాబ్‌లో చెరువు విబ్రియో, జన్యుమార్పిడి ఈ.కోలై: దేనికి ఏ అనుమతి, ఎంత జాగ్రత్త?

ప్రశ్న: నాగావళి (శ్రీకాకుళం)

అందరికీ నమస్కారం. నేను శ్రీకాకుళం జిల్లాలోని ఒక డిగ్రీ కళాశాలలో మైక్రోబయాలజీ బోధిస్తున్నాను. ఈ సెమిస్టరులో ఆఖరి సంవత్సరం విద్యార్థులకు రెండు ప్రాజెక్టులు ఇవ్వాలని అనుకున్నాము. గార మండలం తీరంలోని రొయ్యల చెరువుల నీటి నుంచి విబ్రియో బ్యాక్టీరియాను వేరుచేసి, అది ఏ యాంటీబయాటిక్‌కు లొంగుతోందో, దేనికి లొంగడం లేదో చూడటం మొదటిది. బజారులో దొరికే కిట్టు తెచ్చి, ఆకుపచ్చగా వెలిగే ప్రొటీన్ జన్యువు ఉన్న ప్లాస్మిడ్‌ను (బ్యాక్టీరియాలోకి జన్యువును చేర్చే చిన్న డీఎన్ఏ వలయాన్ని) ఈ.కోలై బ్యాక్టీరియాలోకి ఎక్కించి, అతినీలలోహిత దీపం కింద బ్యాక్టీరియా గుంపులు (కాలనీలు) వెలగడం విద్యార్థులకు చూపించడం రెండవది.

జన్యుమార్పిడి అన్న మాట కనబడగానే మా ప్రిన్సిపాల్ గారు రెండవ ప్రాజెక్టు కాగితాన్ని పక్కన పెట్టేశారు. మొదటిదానికి మాత్రం "చెరువు నీళ్లే కదా" అని అప్పటికప్పుడే సంతకం చేశారు.

మా ల్యాబ్‌లో ఉన్నవి ఒక లామినార్ ఫ్లో, ఒక నిలువు ఆటోక్లేవ్ (పీడనంలోని ఆవిరితో క్రిములను చంపే పాత్ర), ఒక ఇన్‌క్యుబేటర్, ఒక ఫ్రిజ్. మీడియా (బ్యాక్టీరియాను పెంచే ఆహారం) తయారీకీ, వాడిన ప్లేట్లలోని బ్యాక్టీరియాను చంపడానికీ ఉన్నది ఆ ఒక్క ఆటోక్లేవే. ఈ రెండు ప్రాజెక్టులకు చట్టప్రకారం ఎవరి అనుమతి తీసుకోవాలో, ఉన్న పరికరాలతో చేయవచ్చో లేదో, ప్లేట్లను చివరికి ఎక్కడికి పంపాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరని ఆశిస్తున్నాను.

జవాబు: వంశధార

మాస్టారూ, మీ ప్రిన్సిపాల్ గారు అంతగా భయపడనక్కర లేని చోట భయపడి, ఆలోచించవలసిన చోట సంతకం పెట్టారు. నేను ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ సంస్థాగత కమిటీ సమావేశాలలో కూర్చున్నవాడిని కనుక, చట్టం సంగతి వరకు నేను చెబుతాను.

మన దేశంలో ఈ వ్యవహారానికంతటికీ మూలం, 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 1989 డిసెంబరు 5న కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన నియమాలు. అవి జన్యుమార్పిడి జీవులకే కాక, ప్రమాదకర సూక్ష్మజీవులకు కూడా వర్తిస్తాయి. కాబట్టి జన్యువును ముట్టుకోకపోతే ఈ నియమాలతో మనకు పని లేదనుకోవడం పొరపాటు. వాటిని ఆచరణలో పెట్టే పద్ధతిని బయోటెక్నాలజీ విభాగం మొదట 1990లో మార్గదర్శకాలుగా ఇచ్చింది; ఇప్పుడు మనం చూసుకోవలసినది 2017 నాటి ప్రతి.

అందులో సూక్ష్మజీవులను నాలుగు ప్రమాద వర్గాలుగా విభజించారు. ఆరోగ్యవంతులకు జబ్బు తెచ్చే అవకాశం దాదాపు లేనివి ఒకటో వర్గం. జబ్బు తెస్తాయి కానీ సాధారణంగా చికిత్స ఉంటుంది, ఊరంతా పాకే ప్రమాదం తక్కువ అనుకునేవి రెండో వర్గం. క్షయ బ్యాక్టీరియా మూడో వర్గం, ఎబోలా, నిపా వైరస్‌లు నాలుగో వర్గం. కిట్లలో ఇచ్చే ఈ.కోలై సాధారణంగా కె-12 వంశానికి చెందినది. తరతరాలుగా ప్రయోగశాలలోనే పెరిగి, మనిషి పేగులో నిలదొక్కుకునే శక్తి పోగొట్టుకున్నది. అది ఒకటో వర్గం. మీరు చెరువు నుంచి తెచ్చే విబ్రియో పారాహీమోలిటికస్, విబ్రియో వల్నిఫికస్, ఒకవేళ దొరికితే కలరా విబ్రియో, ఇవన్నీ రెండో వర్గం.

జన్యుమార్పిడి ప్రయోగాలకు వేరుగా మూడు తరగతులు ఉన్నాయి. ఒకటో వర్గపు జీవిలో, దాని ప్రమాద స్వభావాన్ని మార్చని జన్యువును పెట్టడం మొదటి తరగతి. దీనికి సంస్థాగత జీవభద్రతా కమిటీకి, అంటే మనం ఐబీఎస్సీ అని పిలుచుకునేదానికి, సమాచారం ఇస్తే చాలు. రెండో తరగతికి ఆ కమిటీ ముందస్తు అనుమతి కావాలి. మూడో తరగతికి కమిటీతో పాటు ఢిల్లీలోని ఆర్‌సీజీఎం (జన్యుమార్పిడి సమీక్షా కమిటీ) అనుమతి కూడా కావాలి. మీ వెలిగే ఈ.కోలై మొదటి తరగతిలోకి వస్తుంది. అయితే సమాచారం ఇవ్వడానికైనా కమిటీ అంటూ ఒకటి ఉండాలి కదా. అసలు చిక్కు అక్కడే ఉంది. సంస్థ అధిపతి లేదా ఆయన నియమించినవారు అధ్యక్షులుగా, వైద్య అర్హత గల జీవభద్రతా అధికారి, సంస్థలోని శాస్త్రవేత్తలు, బయటి నిపుణులు, బయోటెక్నాలజీ విభాగం తరఫున ఒక ప్రతినిధి, ఇంతమందితో కమిటీ ఏర్పాటు చేసి, ఆ విభాగపు జీవభద్రతా పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. ఏటా నివేదిక పంపాలి. ఒక్క కిట్టు ప్రయోగం కోసం ఇంత పని మీ కళాశాల నెత్తిన వేసుకోవడం నాకు సబబుగా తోచదు. కమిటీ నమోదై ఉన్న విశ్వవిద్యాలయంతోనో పరిశోధన సంస్థతోనో మాట్లాడుకుని, వారి ల్యాబ్‌లో, వారి కమిటీకి తెలియజేసి, మీ విద్యార్థుల చేత చేయించండి.

మరొక మాట. విద్యార్థులకు ఉత్సాహం ఎక్కువై, "ఆ ప్లాస్మిడ్‌ను మన చెరువు విబ్రియోలోకే ఎక్కిస్తే ఎలా ఉంటుంది" అని అడగవచ్చు. ఆ ప్లాస్మిడ్‌లో యాంపిసిలిన్ అనే యాంటీబయాటిక్‌కు లొంగకుండా చేసే జన్యువు ఉంటుంది. రెండో వర్గపు జీవిలోకి దానిని ఎక్కించిన క్షణాన మీరు మొదటి తరగతి దాటిపోతారు. ఆ రెండు ప్రాజెక్టులను ఒకే బల్ల మీద, ఒకే రోజున చేయించకండి.

జవాబు: చంపావతి ఒడ్డు (విజయనగరం)

నేను ఆసుపత్రి ల్యాబ్‌లో మైక్రోబయాలజిస్టును. పెద్దలు వంశధార గారు చట్టం వివరించారు కనుక నేను గదిలోకి వస్తాను.

ముందుగా మీ లామినార్ ఫ్లో గురించి. మన జిల్లాల కళాశాలల్లో ఉన్నవి దాదాపు అన్నీ అడ్డంగా గాలి వీచే రకం. వెనుక ఉన్న హెపా ఫిల్టర్ గుండా శుభ్రపడిన గాలి ప్లేటు మీదుగా వచ్చి, నేరుగా కూర్చున్నవారి ముఖానికి తగులుతుంది. అంటే అది ప్లేటును మన నుంచి కాపాడుతుంది తప్ప, మనలను ప్లేటు నుంచి కాపాడదు. మీడియా పోసుకోవడానికి అది చక్కని పరికరం. విబ్రియో కాలనీని లూపుతో (కొసన వలయం ఉన్న పుల్లతో) ఎత్తడానికి, గొట్టాన్ని గిరగిరా కుదిపే వోర్టెక్స్ యంత్రం మీద తిప్పడానికి అది బల్ల కంటే కూడా అధ్వాన్నం, ఎందుకంటే లేచిన తుంపరలను తానే మన ముక్కు దగ్గరకు చేరుస్తుంది. ఆ పనికి కావలసినది రెండో శ్రేణి జీవభద్రతా క్యాబినెట్. అందులో ముందు నుంచి గాలి లోపలికి లాగబడి, ఫిల్టర్ దాటాకే బయటికి పోతుంది. కొనే ముందు ధరనే కాక, ఏటా వచ్చి గాలి వేగాన్నీ ఫిల్టర్‌నూ పరీక్షించి ధ్రువపత్రం ఇచ్చేవారు విశాఖలోనైనా ఉన్నారా అని కనుక్కోండి. ఆ పరీక్ష జరగని క్యాబినెట్ ఇచ్చే ధైర్యం నమ్మదగినది కాదు.

క్యాబినెట్ లేకపోతే విబ్రియో పని మానుకోవాలా అంటే, అక్కర లేదు. రెండో వర్గపు జీవుల కోసం ఉద్దేశించిన రెండో స్థాయి ల్యాబ్‌లో కూడా తుంపర లేవని పనులను బల్ల మీద చేసుకోవచ్చు. మీ ప్రాజెక్టులో తుంపర లేచే పనులను తీసివేయండి: వోర్టెక్స్ వద్దు, సెంట్రిఫ్యూజ్ వద్దు, పిపెట్ చివర బుడగ వచ్చేలా ఊదవద్దు, నోటితో పీల్చడం అసలే వద్దు. కాలనీ అంటిన లూపును ఒక్కసారిగా మంటలో పెడితే చిటపటమని చిందుతుంది. వాడి పారేసే ప్లాస్టిక్ లూపులు వాడితే ఆ బెడదే ఉండదు. వాసన చూసి బ్యాక్టీరియాను గుర్తుపట్టే అలవాటు పాత తరం మాస్టార్ల నుంచి ఇంకా కొందరు విద్యార్థులకు వస్తోంది. ఆసుపత్రి ల్యాబ్‌లలో బ్రూసెల్లా (పశువుల నుంచి మనుషులకు సోకి జ్వరం తెచ్చే బ్యాక్టీరియా) సోకినవారిలో ప్లేటు మూత తీసి వాసన చూసినవారూ ఉన్నారని మీ పిల్లలకు తప్పక చెప్పండి.

ఇక ఆటోక్లేవ్. మీడియాకు 121 డిగ్రీల వద్ద 15 నిమిషాలు పెడతాము కనుక వాడిన ప్లేట్లకు కూడా అదే చాలనుకుంటారు. చాలదు. ఒకదాని మీద ఒకటి పేర్చిన ప్లేట్ల సంచి మధ్యకు ఆవిరి చేరడానికే చాలా సేపు పడుతుంది. 2016 జీవవైద్య వ్యర్థాల నియమాలలో సాధారణ ఆటోక్లేవ్‌కు ఇచ్చిన ప్రమాణం 121 డిగ్రీలు, 15 పౌండ్ల పీడనం, కనీసం 60 నిమిషాలు. సంచి మూతి బిగించి కట్టకండి, లోపలి గాలి పూర్తిగా పోయాకే వాల్వు మూయండి, మధ్యలో కరెంటు పోతే సమయాన్ని మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టండి. ఆటోక్లేవ్ టేపు మీద నల్లని చారలు వచ్చినంత మాత్రాన లోపలివి చచ్చాయని కాదు. టేపుకు వేడి తగిలిందని మాత్రమే దాని అర్థం. జియోబాసిల్లస్ స్టియరోథెర్మోఫిలస్ బీజాలున్న చిన్న సీసాను సంచి నడిమధ్యలో పెట్టి నడిపి, తరువాత దానిని 55–60 డిగ్రీల వద్ద ఉంచి, రంగు మారలేదని చూసుకుంటేనే మీ ఆటోక్లేవ్ మీద నమ్మకం పెట్టుకోవచ్చు. ఉన్నది ఒక్కటే కనుక మీడియానూ వ్యర్థాన్నీ కలిపి ఒకే విడతలో పెట్టవద్దు, రోజులు విడదీసుకోండి.

ప్లేట్లను చివరికి ఎక్కడికి పంపాలన్నారు. ఆ 2016 నియమాలు ఆసుపత్రులతో పాటు విద్యాసంస్థలకూ వర్తిస్తాయి. కల్చర్లు పసుపు సంచిలోకి వెళ్లాలి, ముందుగా మీ దగ్గరే చంపి ఇవ్వాలి, శుద్ధి చేయని వ్యర్థాన్ని 48 గంటలకు మించి నిల్వ ఉంచరాదు. కాలుష్య నియంత్రణ మండలి నుంచి అధికార పత్రం తీసుకుని, ఉమ్మడి శుద్ధి కేంద్రం బండి మీ కళాశాల దగ్గర ఆగేలా ఒప్పందం చేసుకోండి. పసుపు సంచిలోకి వెళ్లేవాటి మీద క్లోరిన్ ద్రావణం పోయకూడదన్నది చాలామంది గమనించరు. అవి కొలిమిలో కాలినప్పుడు విషవాయువులు పుడతాయి. బ్లీచ్ పోసిన గొట్టాలను ఆటోక్లేవ్‌లో పెట్టడం కూడా ప్రమాదమే. హైపోక్లోరైట్‌ను (బ్లీచ్ ద్రావణాన్ని) బల్ల తుడవడానికీ, ఒలికినప్పుడూ వాడుకోండి, అదీ ఏ రోజుకారోజు కలిపినదే, ఎందుకంటే మన ఎండలకు దాని బలం త్వరగా పోతుంది. జన్యుమార్పిడి జీవుల వ్యర్థం మాత్రం ఈ 2016 నియమాల పరిధిలోకి రాదు. దానిని 1989 నియమాలే చూసుకుంటాయి. మీ ఈ.కోలై ప్లేట్లకు సంచీ, రిజిస్టరూ వేరుగా పెట్టమని అందుకే అంటున్నాను.

జవాబు: తీరం ల్యాబ్

నేను రొయ్యల రైతులకు నీటి పరీక్షలు చేసే ల్యాబ్‌లో పని చేస్తున్నాను. మాస్టారు చేయబోయే మొదటి ప్రాజెక్టు మాకు రోజువారీ పని కనుక కొన్ని సంగతులు చెబుతాను.

రైతులు మా దగ్గరకు వచ్చి "గ్రీన్ కాలనీలు ఎన్ని వచ్చాయండీ" అని అడుగుతారు. విబ్రియోను పెంచడానికి వాడే టీసీబీఎస్ అగార్ అనే మీడియా మీద పారాహీమోలిటికస్ ఆకుపచ్చగా, చక్కెరను పులియబెట్టే రకాలు పసుపుగా పెరుగుతాయి. ఆకుపచ్చవి రొయ్యకు చేటని అందరికీ తెలుసు కనుక పసుపు ప్లేటును ఎవరూ పట్టించుకోరు. కలరా విబ్రియో పెరిగేది పసుపుగానే. రంగును చూసి జాగ్రత్తను తగ్గించుకోకూడదని మీ విద్యార్థులకు మొదటి రోజునే చెప్పండి.

టీసీబీఎస్‌తో ఇంకొక తిరకాసు ఉంది. ఆ పొడిని నీటిలో మరిగించి పోస్తే చాలు, ఆటోక్లేవ్ చేయకూడదు. "ఈ మీడియాకు ఆటోక్లేవ్ అక్కర లేదు" అన్న మాటను కొత్తగా చేరినవారు వాడిన ప్లేట్లకు కూడా అన్వయించుకుని, అగార్‌ను చెంచాతో గీకి సింకులో పడేయడం నేను చూశాను. ఆ సింకు నీరు పోయేది పక్క కాలువలోకి, ఆ కాలువ నీరు మళ్లీ చెరువులోకి. యాంటీబయాటిక్ డిస్కుల (మందు అద్దిన కాగితపు బిళ్లల) చుట్టూ పెరిగి నిలబడిన రకాలను, అంటే మనమే ఏరి బలమైనవని తేల్చిన రకాలను, తిరిగి రైతు చెరువులోకి వదిలినట్టవుతుంది.

నమూనా తేవడం కూడా ల్యాబ్ పనిలో భాగమే. మూత సరిగా పడని నీళ్ల సీసాలో చెరువు నీరు నింపి, సంచిలో వేసుకుని ఆర్టీసీ బస్సు ఎక్కడం సరికాదు. శుభ్రమైన సీసాకు మూత బిగించి, దానిని పీల్చుకునే దూదితో పాటు కారని డబ్బాలో పెట్టి, ఆ డబ్బాను గట్టి ఐస్ పెట్టెలో ఉంచండి; పెట్టె మీద ఏమున్నదో, ఎవరికి ఫోను చేయాలో రాయండి. చెరువు గట్టు మీద రొయ్య ముల్లు గుచ్చుకున్న చేతితో, గీరుకున్న కాలితో నీటిలోకి దిగవద్దు. వల్నిఫికస్ పుండులోంచి లోపలికి పోతే గంటల్లోనే చేయి వాచిపోతుంది. కాలేయ జబ్బు, మధుమేహం ఉన్నవారికి ప్రాణం మీదకు రావచ్చు. అటువంటివారెవరైనా మీ బృందంలో ఉంటే వారికి లెక్కలు, నమోదు పని అప్పగించండి.

జవాబు: కోట జంక్షన్

అందరూ మంచి మాటలే చెప్పారు కానీ, ఇదంతా చదివిన ఏ గ్రామీణ కళాశాల యాజమాన్యమైనా ముందు చేసే పని ప్రయోగాలు ఆపేయడమే. క్యాబినెట్ లేదు, బండి రాదు, కమిటీ లేదు అంటూ పోతే మన పిల్లలు మైక్రోబయాలజీని బొమ్మలు చూసి నేర్చుకోవలసి వస్తుంది. మేము చదువుకున్న రోజుల్లో మురుగు నీటి నుంచి కూడా కల్చర్లు చేశాము, ఎవరికీ ఏమీ కాలేదు. నియమం ఎంత అవసరమో, సామాన్య కళాశాలకు అందేలా ఉండటం కూడా అంతే అవసరం.

జవాబు: వంశధార

కోట జంక్షన్ గారి ఆవేదనలో న్యాయం ఉంది. చదువు ఆగిపోకూడదన్న మాటతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. ఎవరికీ ఏమీ కాలేదన్న మాటతో మాత్రం ఏకీభవించలేను. ఎవరికైనా విరేచనాలు పట్టుకుంటే అది ప్లేటు నుంచి వచ్చిందో, బజారు బజ్జీ నుంచి వచ్చిందో ఆ రోజుల్లో ఎవరు రాసిపెట్టారు? చైనాలోని లాన్‌జౌ నగరంలో 2019లో పశువుల టీకా తయారు చేసే కర్మాగారం గడువు తీరిన క్రిమిసంహారకాన్ని వాడింది. బయటికి పోయే గాలిలో బ్రూసెల్లా చావలేదు. చుట్టుపక్కల పది వేల మందికి పైగా సోకినట్టు తరువాత పరీక్షల్లో తేలింది. అక్కడ లేనిది క్యాబినెట్టూ కాదు, కమిటీ కూడా కాదు. సీసా మీద తేదీ చూసే మనిషి లేడు. అది ఖర్చుతో కూడిన పని కాదు.

క్రమం మార్చుకుంటే చాలా ప్రయోగాలు ఉన్న పరికరాలతోనే సాగుతాయి. మొదటి ఏడాది పిల్లలకు ఇడ్లీ పిండి, పెరుగు, మన వైపు ఇళ్లలో ఇంకా కనబడే తరవాణి కుండ ఉండనే ఉన్నాయి. అయితే వాటి నుంచి వచ్చేదంతా లాక్టోబాసిల్లస్సే అనుకోవద్దు; ఏమిటో తెలియని కాలనీని తెలిసేదాకా రెండో వర్గంగానే చూడాలి. చేతి వేళ్లు అద్దిన ప్లేట్లను చుట్టూ టేపు వేసి, మూత తీయకుండా చూపించండి. యాంటీబయాటిక్ పరీక్షను నేర్పడానికి సూక్ష్మజీవుల రకాలను భద్రపరచి అందించే చండీగఢ్‌లోని ఎంటీసీసీ నుంచి తెప్పించిన ఒకటో వర్గపు రకం సరిపోతుంది. చెరువు విబ్రియోను ఆఖరి సంవత్సరంలో, చేయి తిరిగిన నలుగురైదుగురికి మాత్రమే ఇవ్వండి.

జవాబు: బొబ్బిలి విద్యార్థిని

అందరికీ నమస్కారమండీ. జన్యువును కత్తిరించి సవరించే క్రిస్పర్ పద్ధతితో చేస్తే ఇప్పుడు ఈ నియమాలు వర్తించవని మా స్నేహితులు అంటున్నారు. నిజమేనా?

జవాబు: వంశధార

అమ్మా, సగమే నిజం. 2022 మార్చి 30న కేంద్రం ఇచ్చిన మినహాయింపు మొక్కలకు సంబంధించినది. బయటి డీఎన్ఏ మిగలకుండా, జన్యు సవరణతో వచ్చిన కొన్ని రకాల మొక్కలను 1989 నియమాలలోని 7 నుంచి 11 వరకు ఉన్న నియమాల నుంచి తప్పించారు. సాంబ మసూరి నుంచి హైదరాబాద్‌లోని భారత వరి పరిశోధన సంస్థ రూపొందించి, 2025లో ప్రకటించిన కమల రకం ఆ దారినే వచ్చింది. ఆ మొక్కలో బయటి డీఎన్ఏ మిగల్లేదని నిరూపించే వరకు అది కట్టడిలోనే, కమిటీ కన్ను కిందనే ఉండాలి. బ్యాక్టీరియాకూ జంతువులకూ ఆ మినహాయింపు వర్తించదు.

మళ్లీ: నాగావళి

అందరికీ కృతజ్ఞతలు. ఈ జవాబులన్నీ ముద్రించి ప్రిన్సిపాల్ గారి ముందు పెట్టాను. వెలిగే ఈ.కోలైని కమిటీ ఉన్న చోట చేయించడానికి లేఖ రాయడానికి ఒప్పుకున్నారు. విబ్రియో ప్రాజెక్టును మాత్రం మండలి అధికార పత్రం, బీజాల సీసాలు చేతికి వచ్చేవరకు వాయిదా వేశాము. ఈలోగా ఎంటీసీసీ రకంతో డిస్కు పరీక్ష నేర్పుతాను. ఇంకొక సందేహం ఉంది. ప్రాజెక్టు అయిపోయాక, మందులకు లొంగని విబ్రియో రకాలు దొరికితే వాటిని ఫ్రిజ్‌లో దాచుకోవచ్చా? తరువాతి బ్యాచ్‌కు పనికి వస్తాయని విద్యార్థులు ఇప్పటి నుంచే అడుగుతున్నారు.

జవాబు: చంపావతి ఒడ్డు (విజయనగరం)

దాచుకోకపోవడమే మేలు. మీ ఫ్రిజ్‌కు తాళం లేకపోతే అసలే వద్దు. తప్పనిసరి అనుకుంటే ప్రతి గొట్టం మీద చెరిగిపోని సిరాతో సంఖ్య, తెచ్చిన చోటు, తేదీ, ఏ మందులకు లొంగలేదో రాసి, అదే వివరం ఒక రిజిస్టరులో ఎక్కించి, తాళం మీ దగ్గరే ఉంచుకోండి. వేరే కళాశాలవారు స్నేహంగా అడిగినా, వారి ల్యాబ్‌లో ఆ స్థాయి జాగ్రత్త ఉన్నదని చూడకుండా, రాతపూర్వకంగా తీసుకోకుండా ఒక్క గొట్టం కూడా ఇవ్వవద్దు. మీరు బదిలీ అయినా, సెలవు మీద వెళ్లినా ఆ రిజిస్టరూ తాళమూ ఎవరి చేతికి వెళ్తాయో ముందే రాసి పెట్టండి. ఆ బాధ్యత తీసుకునేవారు కళాశాలలో లేకపోతే సెమిస్టరు చివరి వారంలో గొట్టాలన్నిటినీ 60 నిమిషాల విడతలో పెట్టి, బీజాల సీసా ఫలితం వచ్చాక, రిజిస్టరులో ఇద్దరు సంతకాలు చేసి పసుపు సంచిలో వేయండి. తరువాతి బ్యాచ్‌కు కావాలంటే చెరువు అక్కడే ఉంటుంది, కొత్త నమూనా తెచ్చుకుంటారు.